తాడో పామో: ఒక జీవితకాలపు భయాల లెక్క

నా ఎడమ చేతి పైభాగాన చిటికెన వేలి గోరంత మచ్చ ఉంది. అక్కడ చర్మం కాస్త లోపలికి కుంగి, అంచుల్లో ముడతలు పడి ఉంటుంది. మొన్న మా మనవరాలు దాని మీద వేలు పెట్టి, "తాతయ్యా, ఇక్కడ ఏం తగిలింది?" అని అడిగింది. మశూచి టీకా అమ్మా అన్నాను. "మశూచి అంటే?" అంది.

పదకొండేళ్ల పిల్లకు ఆ మాటే తెలియదు. 20వ శతాబ్దంలోనే సుమారు 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకున్న వ్యాధి అది. సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు పోయేవారు. బతికిన వాళ్లు ముఖం నిండా గుంతలతో మిగిలేవారు, కొందరికి చూపు కూడా పోయేది. అలాంటి వ్యాధి పేరు ఈ తరం పిల్లలకు కొత్తగా చెప్పాల్సి రావడం నాకు ఎంత సంతోషం కలిగించిందో మాటల్లో పెట్టలేను.

ఆ రాత్రి నిద్ర పట్టక నా ఎరుకలో లోకమంతా భయపడినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అణుయుద్ధం. జనం పెరిగిపోయి తిండి చాలక కోట్లమంది చస్తారన్న జోస్యం. ఆకాశం నుంచి ఎవరి నెత్తిన పడుతుందో తెలియని అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్. ఆమ్ల వర్షాలు, ఓజోన్ పొరకు పడిన చిల్లు, ఎయిడ్స్, చెర్నోబిల్ అణు ప్రమాదం. రెండువేల సంవత్సరం మొదటి క్షణంలో ఆగిపోతాయన్న కంప్యూటర్లు. సార్స్, బర్డ్ ఫ్లూ, 2012 యుగాంతం. చివరికి కోవిడ్. వీటన్నిటి వెనుక, తొందర లేకుండా వేడెక్కుతూ వస్తున్న భూమి.

నా ఈడు వాళ్లు నలుగురు చేరితే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇలాంటివి ఎన్ని చూడలేదు! ప్రతిసారీ లోకం మునిగిపోతుందన్నారు. ఇదుగో, ఇక్కడే ఉన్నాం." చాలా ఏళ్లు నేనూ అదే అన్నాను. అనుభవం పండిన మాటలా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఆ లెక్క తప్పు అని ఇప్పుడు అనుకుంటున్నాను. "ఏమీ జరగలేదు" అన్న ఒక్క మాట కింద మనం వేర్వేరు సంగతులను కలిపి రాసుకుంటున్నాం. వాటిని విడదీయకపోతే రేపటి హెచ్చరికను ఎలా వినాలో మనకు తెలియదు.

మసక చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం మన తత్వవేత్తలు వాడిన పాత ఉపమానం. దీపం తెస్తే అది తాడే అని తేలుతుంది, భయం పోతుంది. అయితే ఇంకోలా కూడా జరగవచ్చు. పాము నిజంగానే వచ్చింది, ఇంట్లో ఒకరు మెలకువగా ఉండి రాత్రికి రాత్రే దాన్ని పట్టి బయట వదిలేశారు. తెల్లవారి లేచిన వాళ్లకు అక్కడ ఏమీ కనబడదు. తాడు కథలోనూ, ఈ కథలోనూ ఉదయం ఒక్కలాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

నిజంగా తాడే అయినవి

వీటి గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. దాని తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు, ఆ ఏడాది మే నెలలో భూమి ఆ తోకలోంచి వెళ్తుందనీ లెక్క తేలింది. ఆ వాయువు మన గాలిలో కలిస్తే ప్రాణికోటి నశిస్తుందని పత్రికలు రాశాయి. కొన్ని దేశాల్లో జనం తలుపు సందుల్లో, తాళం రంధ్రాల్లో కాగితాలు కుక్కుకున్నారు. తోకచుక్క మాత్రలంటూ అమ్మి సొమ్ము చేసుకున్నవారూ ఉన్నారు. ఆ తోక ఎంత పలచనిదంటే అందులోని వాయువు మన గాలిని ఇసుమంత కూడా మార్చలేదు. ఆ సంగతి అప్పటి ఖగోళ శాస్త్రజ్ఞుల్లో చాలామందికి ముందే తెలుసు, చెప్పారు కూడా.

2008 సెప్టెంబర్ 10న జెనీవా దగ్గర పెద్ద కణ త్వరణ యంత్రం మొదలైనప్పుడు కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందన్న భయమూ ఇలాంటిదే. అంతకన్నా ఎన్నో రెట్లు శక్తిగల విశ్వకిరణాలు కోట్ల ఏళ్లుగా భూమిని తాకుతూనే ఉన్నాయి, భూమి చెక్కుచెదరలేదు. ఈ జవాబు కూడా యంత్రం మొదలవక ముందే సిద్ధంగా ఉంది. తాడు భయాలకు ఉన్న గుర్తు ఇదే అనిపిస్తుంది నాకు. వాటికి సమాధానం ఆ రోజునే ఎక్కడో ఉంటుంది, భయం గొంతు పెద్దది కావడం వల్ల అది వినబడదు.

రాత్రి మెలకువగా ఉన్నవాళ్లు

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఒక విషయం లెక్కగట్టారు. ఫ్రిజ్‌ల్లో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు నేల మీద దేనితోనూ కలవవు. అందుకే అవి క్షేమమైనవని పేరు. కానీ దేనితోనూ కలవని వాయువు ఎక్కడికి పోతుంది? పైకి పోతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోతుంది, అందులోంచి క్లోరిన్ బయటికి వస్తుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను విరగ్గొట్టగలదు. ఆ వాయువులు తయారుచేసే కంపెనీలు ఇది ఊహాగానం అని కొట్టిపారేశాయి.

అంటార్కిటికాలో హేలీ బే అనే చోట బ్రిటిష్ పరిశోధకులు 1957 ప్రాంతం నుంచి ఓజోన్‌ను కొలుస్తూ వస్తున్నారు. డాబ్సన్ పరికరం అని పొడుగాటి పెట్టె ఒకటి. సూర్యకాంతిని అందులోకి పంపి, ఓజోన్ పీల్చుకునే కాంతి ఎంత తగ్గిందో చూసి, పైన ఓజోన్ ఎంత ఉందో లెక్కకడతారు. ఏటా అదే పని, అదే చలి. ఎవరికీ పెద్దగా ఆసక్తి లేని అంకెలు. 1980 తర్వాత ప్రతి వసంతంలోనూ ఆ అంకె పడిపోసాగింది. మొదట వాళ్లు అనుమానించింది ఆకాశాన్ని కాదు, తమ పాత పెట్టెను. కొత్త పరికరం తెప్పించి కొలిచారు. అదీ అదే చెప్పింది. ఉపగ్రహం కూడా ఆ తగ్గుదలను చూసింది గానీ, అంత తక్కువ విలువలు నమ్మదగినవి కావన్నట్టు కంప్యూటర్ వాటిపై అనుమానపు గుర్తు వేసి పెట్టింది. 1985 మేలో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ఆ కొలతలను ప్రచురించారు. రెండున్నరేళ్లు తిరగకముందే, 1987 సెప్టెంబర్ 16న, ఆ వాయువుల వాడకాన్ని తగ్గించే ఒప్పందం మాంట్రియల్‌లో కుదిరింది. తర్వాతి కాలంలో ప్రపంచంలోని దేశాలన్నీ దాని మీద సంతకం చేశాయి. ఇప్పటి విధానాలు ఇలాగే సాగితే అంటార్కిటికా మీది ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

"అప్పట్లో ఓజోన్ చిల్లు అన్నారు, ఏమైంది? ఇప్పుడెవరూ మాట్లాడరే!" అని అడిగేవారు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ల గొంతులో, మోసపోయామేమో అన్న అనుమానం ఉంటుంది. ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం పని సాగుతుండటమే అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

2000 సంవత్సరపు కంప్యూటర్ల కథ ఇంకాస్త చిక్కైనది. పాత రోజుల్లో యంత్రాల్లో జాగా చాలా ప్రియం. అందుకని 1967 అని రాయాల్సిన చోట 67 అని రెండు అంకెలే రాశారు. 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకోవచ్చు. బ్యాంకుల వడ్డీల నుంచి విద్యుత్తు దాకా ఎక్కడెక్కడ ఆ తేదీ దాగి ఉందో ఎవరికీ తెలియదు. నా స్నేహితుడొకడు అప్పట్లో రెండేళ్ల పాటు ఆ పనే చేశాడు. ఎవరో ఇరవై ఏళ్ల కిందట రాసి వదిలేసిన ప్రోగ్రాములను అచ్చు వేయించుకుని, వరసవారీగా చదువుతూ, తేదీ తగిలిన ప్రతి చోటా ఎర్ర పెన్సిలుతో చుట్టేవాడు. 1999 డిసెంబర్ 31 రాత్రి అతను ఆఫీసులోనే ఉన్నాడు. తెల్లారి ఇంటికొస్తే పక్కింటివాళ్లు, "దీనికేనా ఇంత హడావిడి చేశారు?" అన్నారట. ఆ మాట అతనికి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ప్రపంచం మొత్తం మీద ఆ మరమ్మతుకు అయిన ఖర్చు 30 వేల కోట్ల డాలర్లకు పైమాటే అని అంచనాలు ఉన్నాయి. అంత ఖర్చు పెట్టని దేశాలు కూడా పెద్దగా దెబ్బతినలేదు కదా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి చోట్ల కంప్యూటర్ల మీద ఆధారపడటం తక్కువగా ఉండటం ఒక కారణం, ఇతరులు సరిదిద్దిన సాఫ్ట్‌వేరే వాళ్లకూ అందడం ఇంకో కారణం. అయినా కొంత సొమ్ము భయం పేరు చెప్పి ఊడ్చుకున్నారనడంలో నాకు సందేహం లేదు. నిజమైన పాముకు కూడా అవసరానికి మించి కర్రలు కొనిపించేవారు ఉంటారు. అంతమాత్రాన పాము లేదని కాదు.

అదృష్టాన్ని రుజువు అనుకోవద్దు

మూడో రకం ఒకటుంది. పాము మంచం కిందికి వచ్చి, మన కాలి పక్కనుంచి దానంతట అది వెళ్లిపోతుంది.

1962 అక్టోబర్ 27, క్యూబా క్షిపణుల సంక్షోభం పతాక స్థాయిలో ఉన్న రోజు. బి-59 అనే సోవియట్ జలాంతర్గామి సముద్రం అడుగున ఉంది. పైన అమెరికా నౌకలు దాన్ని పైకి రప్పించడానికి చిన్న పేలుడు గుళ్లు వదులుతున్నాయి. లోపల విపరీతమైన ఉక్క, గాలి చాలదు, మాస్కోతో సంబంధం తెగింది. పైన యుద్ధం మొదలైపోయిందేమో తెలియదు. జలాంతర్గామిలో అణు టార్పెడో ఉందన్న సంగతి పైనున్న నౌకలకు తెలియదు. కెప్టెన్ దాన్ని ప్రయోగించడానికి సిద్ధమయ్యాడు. అందులో ఉన్న మరో పై అధికారి వసీలీ అర్ఖీపోవ్ ఒప్పుకోలేదు. జలాంతర్గామి పైకి తేలింది. ఈ సంగతి లోకానికి తెలియడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది.

1983 సెప్టెంబర్ 26 తెల్లవారుజామున, మాస్కోకు దక్షిణాన ఒక భూగర్భ కేంద్రంలో స్తనిస్లావ్ పెత్రోవ్ అనే లెఫ్టినెంట్ కర్నల్ విధుల్లో ఉన్నాడు. అమెరికా నుంచి క్షిపణి బయలుదేరిందని తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. తర్వాత మరొకటి. మొత్తం ఐదు. అతను పైవాళ్లకు, ఇది తప్పుడు హెచ్చరిక అని చెప్పాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్లు ఐదు క్షిపణులతో ఎందుకు మొదలుపెడతారన్నది అతని తర్కం. నేల మీది రాడార్లలో కూడా ఏమీ కనబడటం లేదు. అతనికి ఖాయంగా తెలిసింది మాత్రం ఏమీ లేదు. ఎత్తైన మేఘాల మీద పడి మెరిసిన ఎండను ఉపగ్రహం క్షిపణి మంట అనుకుందని తర్వాత తేలింది.

ఆ ఉదయం భూమి మీద అందరూ ఎప్పటిలాగే నిద్ర లేచారు. నేనూ లేచాను. ఆ రోజు ఏం చేశానో కూడా గుర్తులేదు. "అణుయుద్ధం అని ఎంత భయపెట్టారు, వచ్చిందా?" అనేవారికి నేను ఈ రెండు సంఘటనలు చెబుతుంటాను. కళ్లకు గంత కట్టుకుని రోడ్డు దాటి బతికిన మనిషి, రోడ్డు మీద బండ్లు లేవని నిరూపించినట్టు కాదు. 1980ల నడుమ ప్రపంచంలో సుమారు 70 వేల అణ్వస్త్రాలు ఉండేవి, ఇప్పుడు సుమారు 12 వేలు. ఆ తగ్గుదల మనుషులు కూర్చుని మాట్లాడుకుని సాధించింది, దానికి విలువ ఉంది. కానీ మిగిలిన 12 వేల గురించి మనకున్న నిబ్బరంలో సగం అలవాటు, సగం మరుపు.

పులి వచ్చిన రోజు

'నాన్నా పులి' కథలో చివరికి పులి నిజంగానే వస్తుంది. అబద్ధమాడిన పిల్లవాడికి బుద్ధి చెప్పే తొందరలో మనం ఆ సంగతిని గబగబా దాటేస్తాం.

1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో కొత్త రకం ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు. 1918 నాటి మహమ్మారి తిరిగి వస్తుందేమోనని కొద్ది నెలల్లోనే 4 కోట్లమందికి పైగా టీకాలు వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేయించుకున్న వాళ్లలో కొన్ని వందల మందికి మాత్రం నరాల జబ్బు వచ్చింది. కార్యక్రమం ఆపేశారు. 2003లో సార్స్ వచ్చింది. దాదాపు 30 దేశాలకు పాకి, 8,098 మందికి సోకి, 774 మందిని చంపి, కొన్ని నెలల్లో ఆగిపోయింది. రోగులను, వాళ్లను కలిసినవారిని వెతికి వేరుగా ఉంచడం వల్ల ఆగింది. లక్షణాలు బయటపడ్డాకే ఎక్కువగా అంటుకునే గుణం దానికి ఉండటమూ కలిసివచ్చింది. 2009 స్వైన్ ఫ్లూ అనుకున్నంత ఘోరంగా లేకపోయింది.

ఇలా మూడుసార్లు విన్న చెవులు నాలుగోసారికి అలిసిపోయి ఉన్నాయి. 2020 తొలి వారాల్లో "సార్స్ అన్నారు, స్వైన్ ఫ్లూ అన్నారు, ఇదీ అంతే" అన్న మాట నేనూ అన్నాను. రాసి ఉంచుతున్నాను, ఎందుకంటే ఆ మాట ఎంత సహజంగా నోటికి వచ్చిందో నాకు ఇంకా గుర్తుంది. సార్స్ ఆగింది కాబట్టి ఇదీ ఆగుతుందనుకున్నానే తప్ప, సార్స్‌ను ఆపిన గుణం ఈ కొత్త వైరస్‌కు ఉందా అని ఆలోచించలేదు. దీనికి లేదు. లక్షణాలు పైకి కనబడక ముందే ఇది పాకుతుంది. 2020, 2021 రెండేళ్లలోనే మామూలుగా చనిపోయేవారికన్నా సుమారు 1 కోటి 49 లక్షలమంది అదనంగా పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఎయిడ్స్ సంగతి వేరు. అక్కడ ప్రమాదం నిజం, భయం కూడా నిజం, కానీ భయం వెళ్లి పడింది వైరస్ మీద కాదు, మనుషుల మీద. 1981 జూన్‌లో మొదటి నివేదిక వచ్చింది. 1983లో వైరస్‌ను కనిపెట్టారు. ముట్టుకుంటే రాదని, పక్కన కూర్చుంటే రాదని అప్పటి నుంచే చెబుతూ వచ్చారు. అయినా ఏళ్ల తరబడి రోగుల పళ్లేలు వేరుగా పెట్టారు, పిల్లలను బడుల్లోంచి పంపేశారు. నాలుగు కోట్లమందికి పైగా ఈ వ్యాధితో పోయారు. వాళ్లలో ఎంతమంది పరీక్షకు వెళ్లడానికే సిగ్గుపడి, ఆలస్యంగా తెలుసుకుని పోయారో ఎవరు లెక్కగట్టగలరు? 1996 నుంచి మందుల కలయికతో చికిత్స మొదలైంది. ఇప్పుడు మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా ఇతరులకు అది సోకదు. ఈ ఒక్క సంగతి ఇంకా చాలామందికి చేరలేదు. పాత భయం మాత్రం అందరికీ గుర్తే.

ఎవరూ భయపడని పాము

నా జాబితాలో అసలు లేనివి కూడా కొన్ని ఉన్నాయని ఆలస్యంగా గమనించాను. వాటికి భయపడాలని ఎవరికీ తోచలేదు.

థామస్ మిడ్గ్లీ అనే అమెరికా ఇంజనీరు 1921లో పెట్రోలులో సీసం కలిపితే ఇంజను కొట్టుకోకుండా నడుస్తుందని కనిపెట్టాడు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. 1924లో ఆ పదార్థం తయారుచేసే చోట కార్మికులు మతి చెడి చనిపోయారు. మిడ్గ్లీ విలేఖరులను పిలిచి, ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, ఆవిరి పీల్చి చూపించాడు. అంతకుముందే సీసపు విషంతో తాను కొంతకాలం విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు. కొన్నేళ్లకు ఇదే మనిషి ఫ్రిజ్‌ల కోసం క్లోరోఫ్లోరోకార్బన్ వాయువును తయారుచేశాడు. ఒకే మనిషి చేతి నుంచి వచ్చిన ఈ రెండింటిలో, ఆకాశానికి చిల్లు పెట్టిన దానికి లోకం హడలిపోయి పదమూడేళ్లలో ఒప్పందం చేసుకుంది. బండి వెనుక గొట్టంలోంచి పిల్లల ముక్కుల్లోకి పోయి, వాళ్ల మెదడును కొంచెం కొంచెంగా మందగింపజేసిన దాన్ని పూర్తిగా వదిలించుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. అల్జీరియా ఆ పెట్రోలు అమ్మకం ఆపిన 2021 జూలై నాటికి గానీ ప్రపంచమంతటా అది పోలేదు. భూమి వయసు లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఎక్కడ చూసినా సీసం తగులుతోందని గమనించి, దశాబ్దాల పాటు దాని మీద పోరాడకపోతే ఇంకెంత కాలం పట్టేదో.

పొగాకు ఏటా 70 లక్షలమందికి పైగా చంపుతోంది. రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షలమంది పోతున్నారు, అంటే రోజుకు 3 వేలమందికి పైనే. వీటి గురించి ఎవరికీ నిద్ర పట్టకపోవడం నేను చూడలేదు.

ఎందుకిలా? రిస్కు గురించి మనుషులు ఎలా ఆలోచిస్తారో దశాబ్దాల పాటు పరిశీలించిన పాల్ స్లోవిక్ 1987లో దీన్ని వివరించాడు. మనల్ని భయపెట్టేది చావుల సంఖ్య కాదు. ఒకేసారి చాలామందిని తీసుకుపోయేదా, మన చేతిలో లేనిదా, కంటికి కనబడనిదా, కొత్తదా అన్నవే భయాన్ని నిర్ణయిస్తాయి. స్టీరింగ్ మన చేతిలో ఉంది కాబట్టి రోడ్డు భయపెట్టదు. విమానం భయపెడుతుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఏడాది పాటు చాలామంది అమెరికన్లు విమానం మానుకుని కార్లలో దూర ప్రయాణాలు చేశారు. దానివల్ల ఆ ఏడాది రోడ్ల మీద సుమారు 1,500 మంది అదనంగా చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అంచనా వేశాడు. ఆ నాలుగు విమానాల్లో పోయినవారికి అది సుమారు ఆరు రెట్లు. వాళ్లు ఏ వార్తలోనూ ఒక్కచోట కనబడరు. ఎవరి దారిలో వాళ్లు, ఒక్కొక్కరుగా పోయారు.

అంకెలు కూడా ఒక్కోసారి మనల్ని తికమక పెడతాయి. 2024 చివర్లో 2024 వైఆర్4 అనే గ్రహశకలాన్ని కనిపెట్టారు. 2032 డిసెంబర్ 22న అది భూమిని తాకే అవకాశం మొదట ఒక శాతం దగ్గర ఉండి, 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా ఎక్కింది. వారం తిరిగేసరికి దాదాపు సున్నా. "పెంచి పెంచి ఒక్కసారిగా లేదంటారేమిటి?" అని జనం విసుక్కున్నారు. నిజానికి లెక్క సరిగ్గా సాగితే అలాగే ఉంటుంది. ఆ రాయి ఎక్కడ ఉండవచ్చో చెప్పే ప్రాంతం మొదట చాలా పొడుగైన పట్టీలా ఉంటుంది, భూమి అందులో ఒక చుక్క. కొలతలు పెరిగేకొద్దీ పట్టీ కురచవుతుంది. భూమి ఇంకా దాని లోపలే ఉంటే, కురచైన పట్టీలో ఆ చుక్క వాటా పెరిగినట్టు కనబడుతుంది. ఇంకొంచెం కురచయ్యాక భూమి పట్టీ బయటికి వచ్చేస్తుంది, అంతే, సున్నా. ఎవరూ మాట మార్చలేదు, చూపు నిశితమైంది.

మరి భూమి వేడెక్కడం ఏ ఖాతాలోకి వస్తుంది? పిల్లలు ఇప్పుడు భయపడుతున్నది దానికే. పెద్దవాళ్లం "ఓజోన్ లాగే ఇదీ" అని సముదాయిస్తున్నాం. ఆ పోలిక పూర్తిగా సరికాదు. ఓజోన్‌ను దెబ్బతీసిన వాయువులను తయారుచేసిన కంపెనీలు కొన్నే, బదులు వాయువులూ త్వరగా దొరికాయి. బొగ్గు, చమురు మన బతుకులో ప్రతి పోగులోనూ అల్లుకుని ఉన్నాయి. 1958లో గాలిలో పది లక్షల భాగాలకు 315 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఇది తాడు కాదు. కొందరు కర్రలు పట్టుకుని నిలబడ్డారు, చాలామంది ఇంకా నిద్రలోనే ఉన్నారు.

భయాన్ని పనిగా మార్చుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే నాకు బంగ్లాదేశ్ తీరం గుర్తొస్తుంది. 1970 నవంబర్‌లో వచ్చిన భోలా తుఫానులో కనీసం 3 లక్షలమంది పోయారు. 1972 నుంచి అక్కడ తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. వేల మంది వాలంటీర్లు మైకులు, జెండాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. హెచ్చరిక విని కూడా చాలామంది కదిలేవారు కాదు. మొండితనం కాదది. వాళ్ల బతుకంతా పశువుల మీద ఉంది, వాటిని వదిలి ఎలా వెళ్తారు? తుఫాను పక్కకు మళ్లి, తిరిగొచ్చేసరికి ఆవు లేకపోతే? అందుకని ఆశ్రయాలతో పాటు పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు కూడా కట్టారు. 1991లో మరో తుఫాను సుమారు 1 లక్ష 38 వేల మందిని తీసుకుపోయింది. 2007లో సిడర్‌కు 3 వేలమందికి పైగా పోయారు. 2020లో అంఫాన్ వచ్చినప్పుడు 20 లక్షలమందికి పైగా ముందే తరలించారు, ఆ దేశంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. అక్కడా కొన్ని హెచ్చరికలు తప్పుతాయి. తప్పినప్పుడు జనం దిబ్బ మీది ఆవును తోలుకుని ఇంటికి వెళ్తారు, మళ్లీ పిలిస్తే మళ్లీ వస్తారు.

మా మనవరాలికి మశూచి గురించి చెప్పడానికి నేను ఒక మనిషి కథ ఎంచుకున్నాను. సోమాలియాలో మెర్కా అనే ఊళ్లో అలీ మావ్ మాలిన్ అనే 23 ఏళ్ల యువకుడు ఆసుపత్రిలో వంట చేసేవాడు. ఆసుపత్రిలో పని కాబట్టి టీకా వేయించుకోమన్నారు. సూది నొప్పి పుడుతుందని భయపడి తప్పించుకున్నాడు. 1977 అక్టోబర్‌లో ఇద్దరు మశూచి రోగులను తీసుకొచ్చిన వాహనానికి దారి చూపడానికి కొద్ది నిమిషాలు అందులో ఎక్కాడు. రోజులు గడిచాక అతనికి జ్వరం, ఆపైన పొక్కులు వచ్చాయి. రెండు వారాల్లో ఆ చుట్టుపక్కల 50 వేలమందికి పైగా టీకాలు వేశారు. వ్యాధి అతని దగ్గరే ఆగిపోయింది. అతను బతికాడు. సహజంగా మశూచి సోకిన చివరి మనిషి అతనే. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది.

తర్వాత మాలిన్ పోలియో చుక్కల కార్యక్రమంలో చేరాడు. భయపడి తలుపులు వేసుకున్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, టీకాకు భయపడి తాను ఏం పొరపాటు చేశాడో చెప్పేవాడు. 2013లో సోమాలియాలో పోలియో మళ్లీ తలెత్తితే మళ్లీ ఆ పనికే వెళ్లాడు. ఆ తిరుగుళ్లలోనే జూలైలో మలేరియా వచ్చి చనిపోయాడు.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మలేరియాకు టీకా లేదా?" అని అడిగింది.

ఇప్పుడుంది, పిల్లలకు వేస్తున్నారు అన్నాను. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 2021లో దాన్ని వాడవచ్చన్నారు.